ఇంజను పక్కన మరో మంట: పాతకార్లలో పెట్రోలు హీటర్ – నిర్వహణ, మరమ్మత్తుల చరిత్ర

వ్యాససంగ్రహం:

శీతలదేశాలలో ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలంలో తయారైన కొన్ని కార్లలో ప్రయాణికులకు వెచ్చదనం ఇవ్వడానికి పెట్రోలును విడిగా మండించే హీటర్లు ఉండేవి. అవి ఎందుకు పుట్టాయి, ఎలా పనిచేశాయి, వాటిని బాగుచేయడంలో ఏ జ్ఞానం ఏర్పడింది అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మంటకూ ప్రయాణికుడు పీల్చే గాలికీ మధ్య ఉండే పలుచని లోహపు గోడే ఈ యంత్రచరిత్రకు కేంద్రమని, పాతకారుకు విలువ తెచ్చే ‘అసలు భాగం’ అన్న భావన ఆ గోడ దగ్గరకు వచ్చేసరికి తలకిందులవుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పెట్రోలు హీటర్, ఉష్ణవినిమయకం, బీటిల్, కోర్వేర్, జపరోజెట్స్, కార్బన్ మోనాక్సైడ్, మరమ్మత్తు, సాంకేతికచరిత్ర.

1. ప్రవేశిక

యంత్రాల చరిత్ర అనగానే ఎవరు కనిపెట్టారు, ఎప్పుడు కనిపెట్టారు అన్న ప్రశ్నలు ముందుకొస్తాయి. కనిపెట్టిన తరువాత ఆ యంత్రం యాభై అరవై ఏళ్లపాటు ఎవరి చేతుల్లో బతికింది, ఎన్నిసార్లు చెడింది, ఎవరు బాగుచేశారు అన్నది చాలాకాలం చరిత్రకారుల దృష్టికి రాలేదు. బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ ఎడ్గర్టన్ 2006లో ప్రచురించిన ‘ది షాక్ ఆఫ్ ది ఓల్డ్’ గ్రంథం ఈ లోటును ఎత్తిచూపింది. సాంకేతికతను వాడకం వైపు నుంచి చూడాలని, అలా చూసినప్పుడు నిర్వహణ, మరమ్మత్తు చరిత్రలో పెద్ద స్థానాన్ని ఆక్రమిస్తాయని ఆయన వాదించాడు. ప్రస్తుత వ్యాసం ఆ చూపుతోనే ఒక చిన్న యంత్రాన్ని పరిశీలిస్తుంది.

తెలుగు పాఠకులకు ఈ వస్తువు దాదాపు అపరిచితం. మన రోడ్లపై దశాబ్దాలు తిరిగిన అంబాసిడర్ ఇంజను నీటితో చల్లబడేది. మన వాతావరణంలో కారు లోపల వేడి పుట్టించవలసిన అవసరమూ తక్కువే. అందువల్ల ఈ పరికరానికి మన భాషలో పేరు ఏర్పడలేదు. అయితే దాని భాగాలను, దోషాలను చెప్పడానికి కావలసిన మాటలు మాత్రం మనకు పుష్కలంగా ఉన్నాయి. రాజేయడం, సెగ, మసి, పొగచూరడం, తిత్తి, కొలిమి వంటివన్నీ నిప్పుతో పనిచేసినవాళ్ల మాటలు. ఈ వ్యాసంలో సాంకేతికపదాలు అవసరమైనచోట వాడినా, వీలైనంతవరకు ఈ మాటలనే ఆశ్రయించాను. ఉష్ణవినిమయకం అన్న పదానికి మాత్రం ప్రత్యామ్నాయం దొరకలేదు. మెకానిక్కులు దాన్ని హీట్ ఎక్స్‌ఛేంజర్ అంటారు.

2. వృథాగా పోయే వేడి, విడిగా పుట్టించే వేడి

తొలినాటి కార్లకు పైకప్పు కూడా సరిగా ఉండేది కాదు. చలికాలంలో ప్రయాణికులు మందపాటి దుప్పట్లు కప్పుకొనేవారు. కాళ్ల దగ్గర బొగ్గు నింపిన లోహపు పెట్టెలను పెట్టుకొనేవారు. గుర్రపుబండ్ల కాలం నుంచి వచ్చిన ఆ పెట్టె నిజానికి మన కుంపటికి చిన్న రూపమే. మూసి ఉన్న కార్లు వ్యాప్తిలోకి వచ్చాక ఇంజను వృథాచేసే వేడిని లోపలికి మళ్లించే ప్రయత్నాలు మొదలయ్యాయి. పెట్రోలు ఇంజను తాను తాగిన ఇంధనశక్తిలో సుమారు మూడోవంతునే పనిగా మారుస్తుంది. మిగిలింది చల్లబరిచే నీటితోనో, పొగతోనో బయటకు పోతుంది. ఆ పోయేదానిని పట్టుకుంటే వేడి ఉచితం.

పట్టుకొనే మార్గాలు రెండు. పొగగొట్టం చుట్టూ రేకుతొడుగు వేసి, ఆ తొడుగులో వేడెక్కిన గాలిని కారులోకి పంపడం మొదటిది. ఇది చవక. కానీ గొట్టానికి చిల్లుపడితే పొగ కూడా ఆ గాలితోపాటే వస్తుంది. ఇంజను చుట్టూ తిరిగి వేడెక్కిన నీటిని ఒక చిన్న రేడియేటర్‌లోకి పంపి, దాని మీదుగా గాలిని తోలడం రెండో మార్గం. అమెరికాలో నాష్ సంస్థ 1938లో తెచ్చిన, తరువాత ‘వెదర్ ఐ’ పేరుతో ప్రసిద్ధమైన ఏర్పాటు ఈ రెండో మార్గానికి ఉదాహరణ. బయటి గాలిని వడకట్టి, వేడినీటి రేడియేటర్ మీదుగా లోపలికి పంపడం దాని ప్రత్యేకత. నేటి కార్ల హీటర్లకు మూలం అక్కడే ఉంది.

వేడినీటి పద్ధతికి ఒక బలహీనత ఉంది. ఇంజను వేడెక్కేదాకా హీటర్ కూడా చల్లగానే ఉంటుంది. గడ్డకట్టే చలిలో చిన్న ప్రయాణం చేసేవారికి వెచ్చదనం అందేసరికి ప్రయాణమే ముగిసిపోతుంది. ఈ ఖాళీలోకి వచ్చిన పరికరం ‘సౌత్ విండ్’. చికాగోలోని స్టీవర్ట్-వార్నర్ సంస్థ 1930ల ద్వితీయార్ధంలో దీన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. కార్బురేటర్ నుంచి కొద్దిగా పెట్రోలును లాక్కుని, చిన్న దహనకోష్ఠంలో మండించి, ఆ వేడిని పంకాతో ప్రయాణికుల మీదికి తోలడం దీని పని. తొంభై సెకన్లలో వేడి అన్నది ప్రకటనల్లో వారు ఘనంగా చెప్పుకొన్న మాట. ఇంజను ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఉండే పీల్పుశక్తే మంటకు కావలసిన గాలిని, పెట్రోలును లాగేది. మండగా మిగిలిన పొగ కూడా ఆ మానిఫోల్డ్‌లోకే పోయి, ఇంజనులో కలిసి బయటకు వెళ్లేది.

ఈ కల్పనలో ఉన్న తెలివిని మెచ్చుకోకుండా ఉండలేం. ప్రత్యేకంగా పొగగొట్టం అవసరం లేదు. దహనకోష్ఠంలో ఒత్తిడి ఎప్పుడూ బయటి గాలి కన్నా తక్కువ కాబట్టి, ఇంజను నడుస్తున్నంతసేపు చిన్న పగులు వచ్చినా పొగ బయటకు రావడానికి బదులు బయటి గాలే లోపలికి పీల్చుకుపోతుంది. అయినా ప్రయాణికుల మోకాళ్ల దగ్గర డాష్‌బోర్డు కింద పెట్రోలు గొట్టం, మంట రెండూ ఉండటం ఎంతమందికి నిశ్చింత నిచ్చి ఉంటుంది? వేడినీటి హీటర్లు మెరుగుపడినకొద్దీ నీటితో చల్లబడే కార్ల నుంచి సౌత్ విండ్ తప్పుకుంది. అదే కుటుంబానికి చెందిన హీటర్లు చిన్న విమానాలలో మాత్రం చాలాకాలం కొనసాగాయి.

3. నీరు లేని ఇంజన్లు

విడి మంటను నిజంగా కోరుకున్నవి గాలితో చల్లబడే ఇంజన్లు. వాటిలో వేడినీరే ఉండదు. వోక్స్‌వాగన్ బీటిల్‌లో ఇంజను వెనుక ఉంటుంది. సిలిండర్లను చల్లబరిచిన గాలినే తొలిరోజుల్లో కారులోకి పంపేవారు. అందువల్ల ఇంజను మీద చిందిన నూనె వాసన ప్రయాణికుల ముక్కుకు చేరేది. 1963 మోడల్ నుంచి ఆ పద్ధతి మార్చి, పొగగొట్టాల చుట్టూ అమర్చిన ఉష్ణవినిమయకాల గుండా తాజాగాలిని పంపే ఏర్పాటు చేశారు. వాసన తగ్గింది. వేడి మాత్రం ఇంజను వేగాన్ని బట్టే వచ్చేది. సిగ్నల్ దగ్గర ఆగితే చలి, వేగంగా పోతే సెగ. ఇంజను వెనుకన ఉండటం వల్ల ఆ గాలి ముందు అద్దం దాకా చేరేసరికి సగం చల్లారిపోయేది. అద్దంమీద మంచు కరగకపోతే అది సౌఖ్యానికి సంబంధించిన లోపంగా మిగలదు. డ్రైవరుకు దారే కనబడదు.

ఈ లోటును పూరించడానికి బీటిల్‌లో, వోక్స్‌వాగన్ వ్యానుల్లో, పోర్షె 356లో ఎబర్‌స్పెషర్ సంస్థ పెట్రోలు హీటర్లను అదనంగా అమర్చుకొనే వీలుండేది. బీఎన్2, బీఎన్4 అన్న పేర్లు పాత వోక్స్‌వాగన్ ప్రియులకు చిరపరిచితం. 1968లో వచ్చిన వోక్స్‌వాగన్ 411లో అలాంటి హీటర్ కారుతోపాటే వచ్చేది. ఎబర్‌స్పెషర్ 1865లో యాకోబ్ ఎబర్‌స్పెషర్ నెకార్ నదీతీరాన ఎస్లింగెన్ పట్టణంలో ప్రారంభించిన లోహపుపని దుకాణం. ఈ రంగంలో దానికి దీటుగా నిలిచిన వెబాస్టో సంస్థను 1901లో విల్‌హెల్మ్ బయర్ స్థాపించాడు. అదీ ఎస్లింగెన్‌లోనే. తరువాత ఆ సంస్థ మ్యూనిక్ సమీపంలోని స్టాక్‌డోర్ఫ్‌కు తరలింది. బయర్ పూర్తిపేరు నుంచి, ఆ ఊరిపేరు నుంచి రెండేసి మూడేసి అక్షరాలు తీసుకొని కూర్చినదే వెబాస్టో అన్న పేరు. ఒకే చిన్న ఊరి నుంచి పుట్టిన రెండు సంస్థలు ఐరోపా వాహనాలకు వెచ్చదనాన్ని సరఫరా చేయడం యాదృచ్ఛికమే కావచ్చు, చెప్పుకోదగ్గ విశేషం మాత్రం అవును.

అట్లాంటిక్‌కు ఆవల జనరల్ మోటార్స్ 1960 మోడల్‌గా తెచ్చిన షెవ్రొలే కోర్వేర్ కూడా వెనుక ఇంజను ఉన్న, గాలితో చల్లబడే కారు. దానికి ముందుభాగంలో, సామాను పెట్టుకొనే చోట పెట్రోలు హీటర్‌ను అదనపు పరికరంగా ఇచ్చారు. వేడి బాగా ఇచ్చేది. కానీ కొన్నవారు పొదుపైన కారు అనుకొని కొన్నారు, హీటర్ వేరుగా పెట్రోలు తాగడం వారికి నచ్చలేదు. మరుసటి ఏడాదికల్లా ఇంజనును చల్లబరిచిన గాలిని నేరుగా లోపలికి పంపే హీటర్ వచ్చింది. అంటే వోక్స్‌వాగన్ ఏ పద్ధతిని వదులుకోవడానికి సిద్ధపడుతోందో, కోర్వేర్ సరిగ్గా అదే పద్ధతిలోకి అడుగుపెట్టింది. ఇంజను సీళ్లు అరిగినప్పుడు నూనె పొగ ఆ దారిలోనే లోపలికి వస్తుంది. కోర్వేర్ అభిమానుల్లో కొందరు నేటికీ 1960 నాటి పెట్రోలు హీటర్‌ను వెతికి మరీ అమర్చుకోవడానికి కారణం ఇదే.

మూడో ఉదాహరణ సోవియట్ ఉక్రెయిన్‌లోని జపరోజ్యే నగరంలో 1960 నుంచి 1994 దాకా తయారైన జపరోజెట్స్ కార్లు. వీటిలోనూ ఇంజను వెనుకనే ఉంటుంది, గాలితోనే చల్లబడుతుంది. పెట్రోలు హీటర్ ముందువైపు ఉండేది. సోవియట్ కారుజీవితం మీద లూయిస్ సీగెల్‌బామ్ 2008లో వెలువరించిన ‘కార్స్ ఫర్ కామ్రేడ్స్’ గ్రంథం చదివితే, అక్కడ కారు యజమాని తానే మెకానిక్‌గా ఎందుకు మారవలసి వచ్చిందో అర్థమవుతుంది. విడిభాగాలు దొరకవు, సర్వీసు కేంద్రాలు తక్కువ. అటువంటి చోట హీటర్ మరమ్మత్తు గ్యారేజీ పని కాకుండా ఇంటిపనిగా మారింది.

4. గోడ

దేశాలు వేరైనా ఈ హీటర్ల నిర్మాణం ఒకే పోలికలో ఉంటుంది. సౌత్ విండ్‌ను మినహాయిస్తే, మోటారు ఇరుసు మీద రెండు పంకాలు. ఒకటి మంటకు గాలి అందిస్తుంది, కొలిమి తిత్తి చేసే పని. రెండోది కారులోకి పోయే గాలిని తోలుతుంది. కొద్దికొద్దిగా కొలిచి పంపే పంపు పెట్రోలును అందిస్తుంది. ఎర్రగా కాలే గ్లోప్లగ్‌తోనో, నిప్పురవ్వతోనో అది రాజుకుంటుంది. మంట నిలబడిందని ఉష్ణస్పర్శతో గుర్తించే స్విచ్ అప్పుడు ప్లగ్‌కు కరెంటు ఆపేస్తుంది. హీటర్ మితిమీరి కాగితే పెట్రోలును నిలిపివేసే రక్షణ స్విచ్ మరొకటి. ఇక వీటన్నిటి నడుమ ఉష్ణవినిమయకం. పలుచని లోహంతో చేసిన ఆ గది లోపల మంట, బయట ప్రయాణికులు పీల్చబోయే గాలి.

ఒక లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్లు, అంటే దాదాపు 9 కిలోవాట్-గంటల శక్తి ఉంటుంది. రెండు కిలోవాట్ల వేడి కావాలంటే పొగతో పోయే నష్టాన్ని కలుపుకొని గంటకు పావు లీటరు పైచిలుకు కాలాలి. ఖర్చు పెద్దది కాదు. కానీ ఆ పావు లీటరు సరిగా కాలకపోతే పుట్టేది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత దాని లక్షణాలు. దూరప్రయాణపు అలసట లక్షణాలు కూడా అవే కదా! చలికాలంలో తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకొని పడుకున్నవారు నిద్రలోనే పోవడం మన ప్రాంతంలోనూ విన్నదే. కుంపటికి గోడ ఉండదు. పెట్రోలు హీటర్‌కు గోడ ఉంది. ఆ గోడ ఉన్నంతవరకే రెంటికీ తేడా.

5. మరమ్మత్తు: లక్షణం నుంచి కారణానికి

హీటర్ పనిచేయకపోవడానికి కారణాలు ఎక్కువగా చిన్నవి. మరమ్మత్తు చేసేవారు పాటించే క్రమంలోనే ఆ యంత్రం తర్కం బయటపడుతుంది. మొదట చూడవలసింది విద్యుత్తు. తొలికాలపు బీటిళ్లలో 6 వోల్టుల బ్యాటరీ ఉండేది. వోల్టేజీ తక్కువగా ఉంటే అదే శక్తికి రెట్టింపు కరెంటు ప్రవహించాలి. కాబట్టి తుప్పు పట్టిన ఒక్క ఎర్తు కనెక్షన్ చాలు, ప్లగ్ సరిగా ఎర్రబడకపోవడానికి. మోటారు కార్బన్ బ్రష్‌లు అరిగితే పంకా మందగిస్తుంది. ఇక్కడే ఒక గొలుసు మొదలవుతుంది. పంకా మందగిస్తే మంటకు గాలి చాలదు. గాలి చాలని మంట మసి కక్కుతుంది. మసి పేరుకుంటే దారి ఇరుకవుతుంది, గాలి మరింత తగ్గుతుంది. యజమాని మాత్రం ‘హీటర్ పొగ వస్తోంది’ అని పెట్రోలు వైపే వెతుకుతాడు. మసి తుడిచి బిగిస్తే నాలుగు రోజులు బాగుంటుంది. ఐదో రోజు మళ్లీ అదే. తప్పు బ్రష్‌లలో ఉంది, లేదా బ్యాటరీలో ఉంది.

పెట్రోలు వైపు దోషాలు వేరే తరహావి. ఏడాదిలో మూడు నెలలే వాడే పరికరం కావడంతో మిగిలిన తొమ్మిది నెలలు గొట్టంలో నిలిచిన పెట్రోలు జిగురుగా మారి పంపు రంధ్రాలను మూసేస్తుంది. పంపు సరిగా కొలుస్తోందా లేదా తెలుసుకోవడానికి దాని మూతి నుంచి వచ్చే పెట్రోలును కొలపాత్రలో నిర్ణీతసమయంపాటు పట్టి, కంపెనీ పుస్తకంలోని పరిమాణంతో పోల్చిచూస్తారు. ఇంత సరళమైన పరీక్షను వదిలేసి చాలామంది పంపునే మార్చేస్తారు. ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక మరో సమస్య చేరింది. పాతకాలపు రబ్బరు గొట్టాలు ఇథనాల్‌ను తట్టుకోవడానికి తయారైనవి కావు, మెత్తబడి, ఉబ్బి, చివరకు పగులుతాయి. జర్మనీలో పదిశాతం ఇథనాల్ ఉన్న ఇంధనం 2011లో అందుబాటులోకి వచ్చింది. ఇరవైశాతం మిశ్రమం దేశమంతటా వ్యాపించిన మన దగ్గర పాతకార్ల యజమానులు ఈ రబ్బరు సంగతిని హీటర్ లేకపోయినా ఇప్పటికే ఎదుర్కొంటున్నారు.

మొదటి ప్రయత్నంలో రాజుకోని హీటర్‌ను వెంటవెంటనే మళ్లీ మళ్లీ వేయడం ప్రమాదకరం. రాజుకోని ప్రతిసారీ కొంత పెట్రోలు దహనకోష్ఠంలో నిలిచిపోతుంది. చివరకు రాజుకున్నప్పుడు ఆ నిలిచినదంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది. ముందుగా తెల్లని పొగ వస్తే అది కాలని పెట్రోలు ఆవిరి. ఆపి, ఆరనిచ్చి, కారణం వెతికాక మాత్రమే మళ్లీ వేయాలి. హీటర్ ఆపే పద్ధతి కూడా యజమానులు సులభంగా మరచిపోయే విషయం. స్విచ్ తీసేసినా పంకా కాసేపు తిరుగుతూనే ఉంటుంది, కాగిన లోహం నెమ్మదిగా చల్లారాలి కాబట్టి. పంకా శబ్దం ఆగలేదని బ్యాటరీ తీగ పీకేసేవారు ఉన్నారు. అలా చేసిన ప్రతిసారీ లోపలి వేడి పోయే దారిలేక ఉష్ణవినిమయకం మీదే పడుతుంది. అది ఎప్పటికో పగులుగా తేలుతుంది.

అన్నింటికన్నా నిందించదగ్గది రక్షణ స్విచ్‌ను తప్పించి తీగలు నేరుగా కలపడం. స్విచ్ పదేపదే కరెంటు ఆపేస్తోందంటే ఏదో మితిమీరి కాగుతోందని అర్థం. వేడిగాలి పోయే గొట్టం మూసుకుపోయి ఉండవచ్చు, పంకా తక్కువ వేగంతో తిరుగుతూ ఉండవచ్చు. చెడిందని తీసేసిన ఆ స్విచ్ ఒక్కటే అందులో సరిగా పనిచేస్తున్న భాగం కావచ్చు. పాతకారు కొన్నవారు హీటర్‌ను ముట్టించకముందే ఈ తీగల జాడ తీయడం మంచిది. వెనకటి యజమానులు చేసిన సర్దుబాట్లు కారు కాగితాల్లో ఉండవు. తీగ రంగు మారినచోట, టేపు చుట్టినచోట అవి కనిపిస్తాయి. ఒక రాతప్రతిలో వేరే చేతిరాత ఎక్కడ మొదలైందో పరిష్కర్త గుర్తించే తీరుకు ఈ పని చాలా దగ్గరగా ఉంటుంది.

ఇవన్నీ బాగుచేశాక హీటర్ రాజుకుంటుంది, వెచ్చని గాలి వస్తుంది. యజమానికి మరమ్మత్తు పూర్తయిందన్న తృప్తి కలుగుతుంది. చిక్కు అక్కడే ఉంది. ఇంతవరకు చెప్పిన దోషాలన్నీ హీటర్‌ను ఆపేసే దోషాలు, కాబట్టి వాటంతట అవే బయటపడతాయి. ఉష్ణవినిమయకంలోని పగులు హీటర్‌ను ఆపదు. పగిలిన గోడతో కూడా మంట మండుతుంది, గాలి వేడెక్కుతుంది. మోటారు వైపు పనంతా సక్రమంగా చేసిన మెకానిక్, ఈ ఒక్కదాన్ని విప్పిచూడకపోతే, అంతవరకు మూలనపడి ఉన్నందువల్ల హాని చేయని యంత్రాన్ని హాని చేయగల స్థితికి తెచ్చినవాడవుతాడు.

పరీక్ష కష్టమేమీ కాదు. ఉష్ణవినిమయకాన్ని విడదీసి, మసి శుభ్రం చేసి, అతుకుల దగ్గర, వంపుల దగ్గర పగుళ్ల కోసం చూడాలి. చీకటిగదిలో లోపల దీపం పెట్టి బయట వెలుగు కనబడుతుందేమో చూడటం పాతపద్ధతి. సన్నని పగుళ్లు దానికి దొరకవు. ద్వారాలన్నీ మూసి, లోపలికి తక్కువ ఒత్తిడితో గాలి ఎక్కించి, ఆ ఒత్తిడి నిలుస్తోందా లేదా చూడటం నమ్మదగిన పరీక్ష. సైకిలు ట్యూబును నీళ్లలో ముంచి బుడగల కోసం చూడటంలో ఉన్న సూత్రమే ఇది. చిన్న విమానాల హీటర్ల విషయంలో అమెరికా విమానయాన నియంత్రణసంస్థ ఎఫ్‌ఏఏ ఇలాంటి ఒత్తిడి పరీక్షను తప్పనిసరి చేస్తూ ఆదేశాలు జారీచేసింది. కారు నేలమీద ఉంటుంది, కిటికీ దించుకోవచ్చు అన్న ధీమా వల్ల కాబోలు, పాతకార్ల లోకంలో ఆ కచ్చితత్వం కనబడదు. పొగగొట్టం సంగతీ అంతే. దాని కింది వంపులో నీరు నిలిచి తుప్పు పడుతుంది. గొట్టం చివర తాజాగాలి లోపలికి పోయే దారికి దగ్గరగా ఉన్నా, మంచులో కూరుకుపోయినా, చిల్లులేని గోడ కూడా కాపాడలేదు.

పగులు దొరికితే దానికి వెల్డింగ్ పెట్టించడం సులభంగా తోచే మార్గం. ఎన్నోసార్లు కాగి చల్లారి అలసిపోయిన పలుచని లోహం అది. ఒకచోట అతికితే పక్కన చీలుతుంది. ఈ ఒక్క భాగానికి మరమ్మత్తు లేదు, మార్పు మాత్రమే ఉంది.

6. పదేళ్ల గడువు, ముప్పయ్యేళ్ల గుర్తింపు

జర్మనీ ఈ విషయాన్ని నిబంధనగానే రాసుకుంది. గాలిని నేరుగా వేడిచేసే వాహన హీటర్లలో ఉష్ణవినిమయకాన్ని పదేళ్లకు మించి వాడరాదు. గడువు తీరాక తయారీదారుగానీ, వారి అధీకృత వర్క్‌షాపుగానీ కంపెనీ విడిభాగంతో మార్చాలి. మార్చిన భాగం అమ్మకపు తేదీని, అది కంపెనీ విడిభాగమే అన్న మాటను చెప్పే చిన్న రేకును హీటర్‌కు తగిలించాలి. మనుషులు కూర్చొనే గదుల గుండా పోయే పొగగొట్టానికీ ఇదే పదేళ్ల గడువు. ఉష్ణవినిమయకం బాగుందా, చెడిందా అన్న విచారణ ఇందులో లేదు. కంటికి కనబడని దోషాన్ని కనిపెట్టగలమన్న నమ్మకం లేకనే నిబంధన కాలాన్ని కొలబద్దగా తీసుకుందని నేను భావిస్తున్నాను.

అదే దేశంలో 1997 నుంచి పాతవాహనాలకు నంబరు చివర ‘హెచ్’ అక్షరం ఇస్తున్నారు. ముప్పై ఏళ్లు దాటి, చాలావరకు అసలు రూపంలో, మంచిస్థితిలో ఉన్న వాహనాలకే ఆ గౌరవం. అది పన్నులో వెసులుబాటును కూడా తెస్తుంది. పాతకార్ల విపణిలో ‘అసలుది’ అన్న మాటకు ఉన్న విలువ చెప్పనక్కరలేదు. కంపెనీ నుంచి వచ్చిన నాటి హీటర్, దాని మీద నాటి అంకెలు చెక్కుచెదరకుండా ఉంటే కారు ధరే పెరుగుతుంది. కాబట్టి ఒకే కారుకు రెండు కాలమానాలు వర్తిస్తున్నాయి. ఒకదాని ప్రకారం ముప్పై ఏళ్లు దాటితే గౌరవం. మరొకదాని ప్రకారం పదేళ్లు దాటితే తొలగింపు.

ఈ రెండు కాలమానాల మధ్య యజమాని ముందు మూడు దారులున్నాయి. తయారీ ఆగిపోయిన నమూనాకు వాడని విడిభాగాన్ని ఎక్కడైనా వెతికి తెచ్చుకోవడం ఒకటి. అయితే నలభై ఏళ్లుగా అలమరాలో ఉన్న భాగాన్ని కొత్తది అనవచ్చునా? నిప్పు తగలలేదు కాబట్టి లోహం అలసిపోయి ఉండదు, నిజమే. కానీ సీళ్లు, గాస్కెట్లు ఎండిపోయి ఉంటాయి. పైగా ఆ కాలపు గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, గీకి తీసేటప్పుడు దాని ధూళి పీల్చడం ఊపిరితిత్తులకు హాని. పాత డొక్కులోపల కొత్తతరం హీటర్ అమర్చడం రెండో దారి. బయటికి 1960ల నాటి రూపం మిగులుతుంది. మూడోది, హీటర్‌ను దాని స్థానంలోనే ఉంచి, పెట్రోలు గొట్టాన్ని శాశ్వతంగా విడదీసి, ప్రదర్శనవస్తువుగా మిగల్చడం.

సంగ్రహాలయాలు మూడోదారిని ఎంచుకోవడం సహజం. అక్కడ కారు నడవనక్కరలేదు. నడిపే యజమానులకు మాత్రం నా అభిప్రాయంలో రెండోదే మేలు. ఒక రాతప్రతిని కాపాడటానికి చీకిపోయిన తాటాకు మీద నూనె రాస్తాం, నకలు తీస్తాం, అసలు ప్రతిని పక్కన పెట్టి చదువుకోవడానికి నకలునే ఇస్తాం. చదువరి చేతిలో పెట్టిన నకలు వల్ల అసలుకు గౌరవం తగ్గదు. తీసేసిన పాత ఉష్ణవినిమయకాన్ని పారేయకుండా, ఏ కారు నుంచి, ఏ సంవత్సరంలో తీసిందీ రాసి భద్రపరిస్తే, దాని పగుళ్లే ఆ కారు ఎన్ని శీతాకాలాలు గడిపిందో చెప్పే ఆధారాలవుతాయి. మంట ఎక్కడ ఎక్కువ తాకిందో, పంకా ఎన్నాళ్లు మందగించి తిరిగిందో లోపలి మసిపొరలను బట్టి ఊహించవచ్చు. కారు తళతళలాడే రంగులో కనిపించని చరిత్ర అది.

మరమ్మత్తు పుస్తకాల భాష కూడా ఇక్కడ ఆసక్తికరం. అమెరికాలో జాన్ మ్యూర్ 1969లో వెలువరించిన ‘హౌ టు కీప్ యువర్ వోక్స్‌వాగన్ అలైవ్’ గ్రంథం మామూలు యజమాని తన కారును తానే బాగుచేసుకోగలడన్న ధైర్యాన్ని ఒక తరానికి ఇచ్చింది. ఆ ధోరణిలో వచ్చిన రచనలు పాఠకుడితో స్నేహితుడిలా మాట్లాడతాయి. కంపెనీ పుస్తకాలు మాత్రం విధ్యర్థకంలోనే నడుస్తాయి: విప్పుము, కొలువుము, మార్చుము. చనువుగా మాట్లాడే పుస్తకం పక్కన అవి నిర్జీవంగా కనిపిస్తాయి. ఉష్ణవినిమయకం దగ్గరకు వచ్చేసరికి ఆ ‘మార్చుము’ అన్న ఒక్క క్రియకు ఉన్న బరువు తెలుస్తుంది.

7. మళ్లీ వేడి లేని ఇంజను

నీటితో చల్లబడే ఇంజన్లు కార్లలో సర్వసాధారణమయ్యాక పెట్రోలు హీటర్ కారు నుంచి క్రమంగా కనుమరుగైంది. బీటిల్ జర్మనీలో 1978 దాకా, మెక్సికోలో 2003 దాకా తయారైంది. ఎబర్‌స్పెషర్, వెబాస్టో సంస్థలు తమ హీటర్లను లారీలకు, బస్సులకు, ఆగి ఉన్న కారును ముందుగా వేడిచేయడానికి మళ్లించాయి. విద్యుత్తు వాహనాలు వచ్చాక పాత ప్రశ్న మరో రూపంలో తిరిగివచ్చింది. విద్యుత్తు మోటారు దగ్గర పారేసే వేడి బహు తక్కువ. బ్యాటరీతోనే వేడి పుట్టిస్తే ప్రయాణదూరం తగ్గుతుంది. వోల్వో సంస్థ 2011 ప్రాంతంలో తెచ్చిన సీ30 ఎలక్ట్రిక్ కారులో ఇథనాల్‌తో మండే హీటర్ పెట్టింది. శీతలనగరాల్లో తిరిగే కొన్ని విద్యుత్తు బస్సుల్లో డీజిల్‌తో మండే హీటర్లు ఉన్నాయి. పొగలేని వాహనానికి ఇలా ఒక చిన్న పొగగొట్టం మొలిచింది. అలాంటి హీటర్లలో చాలావాటిలో మంట వేడిచేసేది నీటిని, ఆ నీరు వేడిచేసేది గాలిని. సౌత్ విండ్‌లోనూ బీఎన్4లోనూ మంటకూ ఊపిరికీ మధ్య ఒక్క గోడే ఉండేది. ఇక్కడ రెండు ఉన్నాయి.